ఒకే వాద్యము, పెక్కు గళములు: రెగ్గే సంగీతమున కర్తృత్వ విచారము

పాఠపరిష్కరణమున అభ్యాసము గలవారికి ఒక సంస్కారము ఏర్పడియుండును. ఎన్ని ప్రతులు దొరికినను వాని వెనుక ఒక మూలము కలదనియు, ఆ మూలమునకు కర్త ఒకడు కలడనియు, ప్రతులలోని భేదములు చాలవరకు లేఖకుల ప్రమాదములనియు తలచుటయే ఆ సంస్కారము. తాళపత్ర ప్రతులను సరిపోల్చి ప్రాచీన కావ్యములను వెలువరించిన మన పెద్దల కృషికి ఈ భావమే ఆధారము. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని ఈ భావము నిలువని కళాసంప్రదాయములు కొన్ని కలవు. వానిని పరిశీలించినప్పుడు మన పద్ధతికి గల హద్దులు మనకు తెలియవచ్చును.

జమైకా ద్వీపమున పుట్టిన రెగ్గే సంగీతమందలి ‘రిద్దిమ్’ అట్టి సంప్రదాయములలో ఒకటి. ఒక వాద్యఖండమును ఒకమారు రికార్డు చేసి, దానిపై ఏండ్ల తరబడి వేర్వేరు గాయకులు వేర్వేరు పాటలు పాడుట ఇందలి పద్ధతి. రెగ్గేను యునెస్కో సంస్థ 2018లో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. లోకమంతయు వినుచున్న ఈ సంగీతమున కృతి యేది, కర్త యెవడు అను ప్రశ్న మాత్రము ఇప్పటికిని తేలికగా తెగునది కాదు. 1967 మొదలు 1985 వరకు వెలసిన కొన్ని ప్రసిద్ధమైన రిద్దిములను ఆధారముగ గొని ఆ ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

లక్షణము

‘రిద్దిమ్’ అనునది ‘రిథమ్’ అను ఇంగ్లీషు మాటకు జమైకా ప్రజల పలుకుబడి. కాని వారి నోట దాని అర్థము లయమాత్రమున ఆగలేదు. గాయకుని గొంతును తీసివేసిన పిమ్మట రికార్డులో మిగులు వాద్యసంవిధానమునంతయు రిద్దిమ్ అందురు. అందు ప్రధానములు రెండు: బేస్ గిటారు, డ్రమ్ములు. ఇతర జనప్రియ సంగీతములలో బేస్ గిటారు సాధారణముగ వెనుక నిలిచి పాటను మోయును. రెగ్గేలో అది ముందునకు వచ్చి, కొద్ది ఆవర్తములలో ముగియు ఒక చిన్న స్వరవాక్యమును మరల మరల పలుకును. వినువారు ఒక రిద్దిమును గుర్తుపట్టుట ఈ వాక్యమువలననే. డ్రమ్ములలో ‘వన్ డ్రాప్’ అను వాయింపు ప్రసిద్ధము. నాలుగు దెబ్బల ఆవర్తమున మొదటి దెబ్బను శూన్యముగ విడిచి, మూడవదానిపై బలము నుంచుట దీని లక్షణము. గిటారు, పియానోలు దెబ్బకును దెబ్బకును నడుమనున్న ఎడములలో తునుకలుగా మ్రోగును. ఈ విధముగ బలము ఉండవలసిన చోట ఖాళీయు, ఖాళీ ఉండవలసిన చోట ధ్వనియు ఏర్పడును. గాయకునకు చోటు దొరకునది ఆ ఖాళీలయందే.

తెలుగు పాఠకునకు ఇది వినగానే వర్ణమెట్టు స్ఫురించును. భజన పాటల పుస్తకములలో ‘ఫలాని పాట వరుస’ అని శీర్షికక్రింద అచ్చువేయుట మనమెరిగినదే. అయినను రెంటికిని భేదము కలదు. వర్ణమెట్టులో గాత్రపు వరుస నిలుచును, మాటలు మారును. రిద్దిములో మాటలును మారును, గాత్రపు వరుసయు మారును, క్రింది వాద్యము మాత్రము నిలుచును. నిలుచునది వాద్యపు వరుస మాత్రమే యని అనుకొనరాదు. తరచుగా నిలుచునది ఒకానొకనాడు ఒకానొక గదిలో మ్రోగిన ఆ ధ్వనియే. టేపుపై పదిలమైన ఆ ధ్వనిమీదనే పది పండ్రెండేండ్ల తరువాత మరియొకడు వచ్చి పాడును. తంబురా శ్రుతితో పోల్చుదమన్నను కుదరదు. శ్రుతికి జ్ఞాపకము లేదు. నిన్నటి గాయకుడు దానిపై ఏమి పాడెనో నేటి శ్రుతి చెప్పదు. రిద్దిము చెప్పును.

ఛందస్సుతో పోలిక ఇంతకంటె దగ్గరది. వేమన ఆటవెలదిలో చెప్పినందున దానిని మరియొకనినుండి అపహరించెనని ఎవ్వరును అనరు. ఆటవెలది అందరిది. అట్లే జమైకా గాయకుడు పాత రిద్దిముపై కొత్త పాట కట్టినప్పుడు అక్కడి శ్రోతలు దానిని చౌర్యమనలేదు. అయితే ఒక ముఖ్యమైన తేడాను మరువరాదు. ఆటవెలదికి కర్త యెవడో చెప్పలేము. రిద్దిమునకు కర్తలు కలరు. తెలిసిన ఊరిలో, తెలిసిన స్టూడియోలో, పేర్లుగల మనుష్యులు చెమటోడ్చి వాయించినదది. మొదట కృతిగా పుట్టి, వాడుకచేత అందరికిని ఛందస్సయినది. కావున ‘ఛందస్సుగా మారిన కృతి’ యని రిద్దిమును నిర్వచించుట తగునని మేము భావించుచున్నాము. ఈ నిర్వచనమునుండి రెండు ఫలితములు కలుగును. కృతి యగుటచేత దానికి జ్ఞాపకముండును; ఆ జ్ఞాపకము తరువాతి ప్రతి పాటకును సంపద యగును. ఛందస్సు అగుటచేత దాని కర్త మరుగుపడును. ఆ మరుపు కర్తకు నష్టమగును. ఈ రెంటిని వరుసగా చూపుట ఈ వ్యాసపు పని.

పుట్టుక

రిద్దిములు రెండు విధముల పుట్టినవి. కొన్ని మొదటినుండియు వాద్యఖండములు. కొన్ని పాటలుగా పుట్టి, గొంతు తీసివేయబడినందువలన వాద్యఖండములైనవి. రెండవ విధము ఎట్లు ఏర్పడెనో తెలిసికొనుటకు ‘సౌండ్ సిస్టమ్’ను గురించి కొంత చెప్పవలెను. 1950ల నాటికే కింగ్‌స్టన్ నగరపు పేదపేటలలో పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లను ఆరుబయట నిలిపి, రికార్డులు వేసి జనులను ఆడించు వ్యవహారము వృద్ధియైనది. దానినే సౌండ్ సిస్టమ్ అందురు. వీనిని నడపినవారిలో క్లెమెంట్ డాడ్, ఆర్థర్ ‘డ్యూక్’ రీడ్ అను నిరువురు ప్రసిద్ధులు. తమ సిస్టములకు ఇతరులయొద్ద లేని రికార్డులు కావలెను గాన వారు తామే రికార్డుల నిర్మాతలైరి. డాడ్ 1963లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డున ‘స్టూడియో వన్’ను నెలకొల్పెను. రీడ్ సంస్థ పేరు ‘ట్రెజర్ ఐల్’.

1967–68 ప్రాంతమున స్పానిష్ టౌనులో సౌండ్ సిస్టమ్ నడపుచుండిన రూడీ రెడ్‌వుడ్ అనునతనికి ట్రెజర్ ఐల్‌నుండి పారగన్స్ బృందము పాడిన ‘ఆన్ ది బీచ్’ అను పాటకు ఒక నమూనా రికార్డు వచ్చెను. దానిని కోసిన ఇంజనీరు గొంతులను కలుపుట మరచెను. రెడ్‌వుడ్ దానిని పారవేయలేదు. నృత్యసభలో మొదట పాటను వేసి, వెంటనే గొంతులేని దానిని వేసెను. తాము ఎరిగిన పాటను జనులే గొంతెత్తి పాడుకొనిరి. ఈ వృత్తాంతము రెగ్గే చరిత్రలలో తరచుగా చెప్పబడునది. గొంతు లేకున్నను వినువారి మనసులో గొంతు మిగిలియున్నదని ఆనాడు తెలిసినది. పిమ్మట రికార్డు మొదటివైపున పాటయు, రెండవవైపున ‘వెర్షన్’ అను గొంతులేని వాద్యమును వేయుట ఆచారమైనది.

ఆ ఖాళీలోనికి తొలుత ఘనముగ ప్రవేశించినవాడు యూ-రాయ్. జమైకాలో ‘డీజే’ యనగా రికార్డులను వేయువాడు కాడు. రికార్డు మ్రోగుచుండగా దానిపై లయబద్ధముగ మాటలు పలుకువాడు. యూ-రాయ్ 1970లో డ్యూక్ రీడ్ కొరకు ‘వేక్ ది టౌన్’, ‘రూల్ ది నేషన్’, ‘వేర్ యూ టు ది బాల్’ అను రికార్డులను చేసెను. వీనిలో మూడవది మా విచారమునకు మిక్కిలి ఉపయోగించును. అందు పారగన్స్ వారి పాత పాటను పూర్తిగా తుడిచివేయలేదు. వారి గొంతు అప్పుడప్పుడు తేలివచ్చును. యూ-రాయ్ దానికి బదులు చెప్పును, మెచ్చుకొనును, తొందరపెట్టును. పాత పాట పూర్వపక్షమైనట్లును, కొత్త మాట దానికి వ్యాఖ్యానమైనట్లును తోచును. మూలమును వ్యాఖ్యయు ఒకే పుటలో అచ్చైన గ్రంథమువలె ఈ రికార్డు వినిపించును.

రియల్ రాక్: ఒకే నేల, రెండు రసములు

మొదటి విధమునకు, అనగా వాద్యముగనే పుట్టినదానికి, ‘రియల్ రాక్’ ఉత్తమమైన ఉదాహరణము. స్టూడియో వన్ వాద్యబృందమైన ‘సౌండ్ డైమెన్షన్’ దీనిని 1967 ప్రాంతమున వాయించినది. బేస్ గిటారు వాక్యము చిన్నది, నిలుకడగలది. పైన ట్రాంబోను పలుకు సంగతి సోమరితనముతోడి ఠీవి గలది. ఆనాడు ఇది నృత్యమునకు పనికివచ్చు ఒక వాద్యఖండము మాత్రమే.

1970ల నడుమ ఇతర స్టూడియోలవారు, ముఖ్యముగ ‘చానెల్ వన్’ వారు, స్టూడియో వన్ పాత రిద్దిములను తమ వాద్యకారులచేత మరల వాయింపించి కొత్త పాటలకు వాడుకొనసాగిరి. దానికి బదులుగా డాడ్ తన టేపులనే వెలికితీసి కొత్త గాయకులచేత వానిపై పాడించెను. షుగర్ మైనాట్ 1978లో వెలువరించిన ‘లివ్ లవింగ్’ అను ఆల్బము అట్లు పుట్టినదే. ఆ వరుసలోనిదే విల్లీ విలియమ్స్ పాడిన ‘ఆర్మగిడియన్ టైమ్’. ఇది 1979లో ప్రసిద్ధమైనది. దీని క్రింద మ్రోగునది రియల్ రాక్.

‘ఆర్మగిడియన్’ అనునది బైబిలులోని చివరి మహాసంగ్రామమునకు జమైకా పలుకుబడి. పాటలోని విషయము ఆకలి, అన్యాయము. ఈ రాత్రి అన్నము లేక పడుకొనువారు పెక్కురనియు, న్యాయము దొరకనివారు పెక్కురనియు, యుద్ధకాలము సమీపించినదనియు గాయకుడు చెప్పును. ఈ మాటలు గాలిలోనుండి ఊడిపడినవి కావు. 1976లో జమైకా ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. రాజకీయపక్షాల పేరిట పేటలకు పేటలు చీలిపోయినవి. 1980 ఎన్నికల సంవత్సరమున వందలమంది హతులైరి. ఇట్టి కాలమున ఇట్టి పాటకు గాయకుడు కోపముతో గొంతు చించుకొనునని మనము ఎదురుచూతుము. విలియమ్స్ అట్లు చేయలేదు. అతని గొంతు తొందరపడదు. వాద్యపు సోమరి ఠీవిలోనే అతడు ప్రళయవార్తను చెప్పును. క్రిందనున్నది పండ్రెండేండ్లుగా జనులు ఆడుకొన్న నృత్యవాద్యము. కాళ్లకు అది సంతోషముగ తెలియును, చెవికి వచ్చుచున్నది ఆకలి వార్త. ఈ రెంటి పొత్తు కుదరకపోవుటయే పాటకు బలము. వాద్యము కొత్తదియై యుండిన ఈ బలము చేకూరెడిది కాదు. రిద్దిమునకు జ్ఞాపకము కలదని మేము పైన చెప్పినది దీనినే.

ఇంచుమించు అదే కాలమున అదే వాద్యముపై మిషిగన్, స్మైలీ అను జంట డీజేలు ‘నైస్ అప్ ది డాన్స్’ అను పాట చేసిరి. ఇరువురును మాటకు మాట అందించుకొనుచు సభలోని వారిని ఆటకు పిలుతురు. స్వరము మారలేదు, తాళము మారలేదు, వాయించినవారు మారలేదు. శోకము పోయి ఉత్సాహము వచ్చినది. దీనిని బట్టి రిద్దిమునకు స్వతస్సిద్ధమైన రసము లేదనవచ్చునా? ఉత్పలమాల కరుణమునకును వీరమునకును సమానముగ ఒదుగును గదా యనవచ్చును. కాని మా మతము కొంత భిన్నము. ‘ఆర్మగిడియన్ టైమ్’ విన్నవాడు ‘నైస్ అప్ ది డాన్స్’ విన్నప్పుడు ఆ ఆట పిలుపులో వెనుకటి ఆకలి మాట సన్నగా మెదలును. నృత్యసభలో ఈ రెంటిని వెంటవెంటనే వేయుట పరిపాటి. అప్పుడు ఒక పాట మరియొకదానికి ప్రకరణమగును. ఉత్పలమాలకు ఈ శక్తి లేదు. ఒక ఉత్పలమాల చదివినప్పుడు వెనుకటి ఉత్పలమాలలన్నియు మనకు వినబడవు.

1979 డిసెంబరులో ‘క్లాష్’ అను లండను బృందము తమ ‘లండన్ కాలింగ్’ రికార్డుకు రెండవవైపున ‘ఆర్మగిడియన్ టైమ్’ను పాడినది. వారు స్టూడియో వన్ టేపును వాడలేదు. వాద్యమును తామే వాయించిరి. అనగా ధ్వని దాటిపోలేదు, నిర్మాణము దాటిపోయినది. టేపుతో కూడిన సంక్రమణమును, వాయింపుతో కూడిన సంక్రమణమును పరిశోధకుడు వేరువేరుగ గుర్తింపవలెను. మొదటిదానిలో పాత వాద్యకారుని చేయియే వినబడును. రెండవదానిలో అతని ఆలోచన మాత్రమే వినబడును.

సత్తా మస్సగనా: పాటనుండి పారాయణమునకు

‘అబిసీనియన్స్’ అను మువ్వురు గాయకుల బృందము 1969లో స్టూడియో వన్‌లో ‘సత్తా మస్సగనా’ అను పాటను రికార్డు చేసినది. బృందపు పేరు ఇథియోపియా దేశపు ప్రాచీననామము. పాట పేరు ఆ దేశపు అమ్హారిక్ భాషనుండి గ్రహింపబడినది. ఇథియోపియాను పుణ్యభూమిగ తలచు రాస్తఫారీ మతస్థులకు ఈ పాట స్తోత్రప్రాయమైనది. డాడ్ దీనిని వెలువరింపలేదు. గాయకులే టేపును కొనితెచ్చుకొని 1971లో ‘క్లించ్’ అను తమ సొంత ముద్రపై విడుదల చేసిరి. అది జనాదరము పొందిన పిమ్మట డాడ్ కూడ ఆ వాద్యముపై వేరు రికార్డులను తెచ్చెను. గాయకులును ఊరకుండలేదు. తమ రిద్దిముపై బిగ్ యూత్ అను డీజేచేత పలికించిరి. టామీ మెకూక్ చేత సాక్సోఫోను వాయింపించిరి. ‘మబ్రక్’ అను పేరున తామే పాత నిబంధననుండి కొన్ని భాగములను ఆ వాద్యముపై చదివిరి.

ఇందు గమనింపదగినది వరుస. స్తోత్రము పాటగ పుట్టినది. గొంతు తీయగ వాద్యమైనది. వాద్యము మరల గ్రంథపారాయణమునకు పీఠమైనది. వాద్యము ఎక్కడను మారలేదు. కాని వినువాని స్థితి మారినది. మొదట అతడు కీర్తన వినువాడు, చివరకు పురాణము వినువాడు. రియల్ రాక్ విషయమున జ్ఞాపకము కొత్త పాటతో ఘర్షణపడినది. ఇక్కడ జ్ఞాపకము కొత్త పాఠమును బలపరచినది. స్తోత్రము తెలియనివానికి ‘మబ్రక్’ ఒక చదువు మాత్రమే. తెలిసినవానికి అది గుడిలోని చదువు.

ఒక పాఠాంతరము

పాఠపరిష్కర్తకు మిక్కిలి ప్రియమైన ఒక ఉదాహరణమును ఇక్కడ చూపుదుము. సౌండ్ డైమెన్షన్ వారిదే ‘ఫుల్ అప్’ అను మరియొక వాద్యఖండము కలదు. 1980ల మొదట ‘మైటీ డైమండ్స్’ బృందము ఆ రిద్దిముపై ‘పాస్ ది కూచీ’ అను పాట పాడినది. ‘కూచీ’ యనగా గంజాయి పీల్చు పాత్ర. 1982లో బర్మింగ్‌హామ్ నగరపు బాలుర బృందమైన ‘మ్యూజికల్ యూత్’ ఆ పాటనే పాడినది. పిల్లలనోట ఆ మాట తగదని ‘కూచీ’ని ‘డచ్చీ’గ మార్చిరి. ‘డచ్చీ’ యనగా వంటపాత్ర. గంజాయి లేనివాని బాధగ నుండిన చోటు తిండి లేనివాని బాధగ మారినది. ఆ పాట బ్రిటనులో ప్రథమస్థానమునకు ఎక్కినది.

పరిష్కరణ పద్ధతి ప్రకారము ‘డచ్చీ’ అపపాఠము, ‘కూచీ’ మూలపాఠము. చరిత్రగ అది సత్యమే. కాని విమర్శకుడు అంతటితో ఆగినచో పని చెడును. ఒక్క అక్షరపు మార్పుతో నవ్వులాట పాట ఆకలి పాటయైనది. ఒకరినుండి ఒకరికి పాత్ర నందించుట పొగ పంచుకొనుటగ గాక కూడు పంచుకొనుటగ మారినది. సంకోచమువలన కలిగిన మార్పు అర్థపుష్టిని తెచ్చినది. రిద్దిము సంప్రదాయమున పాఠాంతరము దోషము కాదు, కర్తృత్వము జరుగు చోటు అది.

ఆక్షేపములు

ఈ సంప్రదాయముపై రెండు ఆక్షేపములు చేయుదురు. మొదటిది, ఇదంతయు డబ్బు పొదుపు వ్యవహారమని. వాద్యకారులను మరల పిలిపించి కూలి యిచ్చుటకంటె పాత టేపుపై పాడించుట చౌక. ఇది నిజమే. కాని కారణము వేరు, ఫలము వేరు. తాళపత్రము ఖరీదుచేతనో స్థలాభావముచేతనో ఒకడు క్లుప్తముగ వ్రాసినాడని, ఆ క్లుప్తతయందలి సౌందర్యము లేకుండ పోదు. లేమి గీసిన గీటులోపల ఏమి చేసిరనునదే విమర్శకుని ప్రశ్న.

రెండవది, ఇది విసుగు పుట్టించునని. రూపీ ఎడ్వర్డ్స్ అను నిర్మాత 1974లో ‘యమహా స్కాంక్’ అను ఆల్బమునంతయు ఒక్క రిద్దిముపై నింపెను. అది ‘యూనీక్స్’ బృందపు ‘మై కాన్వర్‌సేషన్’ అను పాటనుండి వచ్చినది. ఒకే వాద్యము పాట వెంట పాటగ వినబడుట అలవాటు లేనివారికి కష్టమే. రిద్దిముపై వచ్చిన ప్రతి పాటయు మంచిదని మేము అనుట లేదు. లయపై నోటికి వచ్చిన మాటలను పేర్చి వదలినవి అనేకములు. వానిని విడదీయుటకు మూడు గుర్తులను చెప్పుదుము. మంచి పాట వాద్యమున ఇంతకుముందు ఎవ్వరును నిలువని ఖాళీలో నిలుచును. వెనుకటి పాటకు ఏదో యొక బదులు చెప్పును. అది వచ్చిన పిమ్మట ఆ వాద్యమును అది లేకుండ వినుట సాధ్యము కాదు. మూడవ గుర్తు కఠినమైనది. ‘ఆర్మగిడియన్ టైమ్’ ఆ మూడింటను నిలుచును.

కర్త యెవడు?

ఇక నష్టము సంగతి. 1973లో అన్సెల్ కాలిన్స్ ఆర్గన్ వాయించి, విన్‌స్టన్ రైలీ నిర్మించిన ‘స్టాలగ్ 17’ అను వాద్యఖండము కలదు. ఆ పేరు 1953 నాటి ఒక అమెరికా చలనచిత్రమునుండి వచ్చినది. ఈ రిద్దిముపై 1982లో సిస్టర్ నాన్సీ ‘బామ్ బామ్’, 1985లో టెనర్ సా ‘రింగ్ ది అలారమ్’ పాడిరి. ‘బామ్ బామ్’ పల్లవి 1966లో జమైకా ఉత్సవపు పాటల పోటీని గెలిచిన మేటల్స్ బృందపు పాటను తలపించును. అనగా నేల ఒకరిది, పల్లవి ఒకరిది. పురుషులు నిండిన డీజేల నడుమ నిలిచి మాటాడిన స్త్రీ యొక్క ధైర్యము మాత్రము నాన్సీదే. పాటను పాటగ నిలిపినది అదియే. ఈ పాట లోకమంతట చెల్లినను మూడు దశాబ్దములపాటు తనకు రాయల్టీ ముట్టలేదని ఆమె చెప్పియున్నది. 2014లో ఒక వాణిజ్య ప్రకటనలో తన గొంతు విన్న పిమ్మట ఆమె న్యాయవాదులను ఆశ్రయించి తన హక్కులో కొంత పొందినది.

గొంతు వినబడినవారి గతియే ఇట్లుండగ, వాద్యకారుల గతి చెప్పనక్కరలేదు. రికార్డుపై బృందపు పేరుండును గాని బేస్ గిటారు వాయించినది ఎవరు, డ్రమ్ములు వాయించినది ఎవరు అని వ్రాయుట ఆచారము కాదు. వారికి పాటకింత యనియో, వారమునకింత యనియో కూలి ముట్టెడిది. అంతటితో వారి సంబంధము తీరెడిది. చట్టమును వారికి తోడుపడలేదు. జమైకాకు 1962లో స్వాతంత్ర్యము వచ్చినను, 1993లో సొంత కాపీరైటు శాసనము అమలగువరకు అక్కడ బ్రిటిషువారి 1911 నాటి శాసనమే నిలిచియుండెను. రిద్దిముల పేర్లును చాలవరకు వానిపై మొదట పేరుపొందిన పాటలనుబట్టి వచ్చినవే. వాయించినవాని పేరు రిద్దిమునకు పేరగుట లేదు. ఛందస్సునకు కర్త అక్కరలేదు గదా! ఈ విధముగ ‘అందరి సొత్తు’ అను గొప్పమాట కొందరి కూలిని మింగినది.

1985లో ఈ చరిత్ర విచిత్రమైన మలుపు తిరిగినది. వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’ అను పాటకు వాద్యము ఏ బృందమును వాయింపలేదు. కాసియో సంస్థవారి ఎమ్‌టి-40 అను చిన్న కీబోర్డులో ముందే అమర్చియుంచిన ఒక లయనుండి అది పుట్టినది. నిర్మాత ప్రిన్స్ జామీ. తరువాత ఆ రిద్దిముపై వందలకొలది పాటలు వచ్చినవి. ఆ లయను అమర్చినది ఒకుదా హిరోకో అను జపాను వనిత యని లోకమునకు తెలియుటకు చాల ఏండ్లు పట్టినది. ఆమె సంగీత కళాశాలలో చదువునప్పుడు పట్టమునకై రెగ్గేపైననే వ్యాసము వ్రాసినది. యంత్రమునుండి ఊడిపడినదని అందరును అనుకొన్న లయ వెనుక కూడ ఒక మనిషి కలదు, ఆ మనిషి వెనుక రెగ్గే వినికిడి కలదు. కర్త లేని రిద్దిము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఉపసంహారము

పై విచారమువలన తేలినది ఇది. రిద్దిము సంప్రదాయమున ‘మూలము, దాని నకళ్లు’ అను విభాగము చెల్లదు. ప్రతి పాటయు ఒక మూలమే. అయినను ‘కర్త లేని సామూహిక కళ’ యనుటయు చెల్లదు. ఇందు కర్తలు లేకపోవుట కాదు, మిక్కుటముగ ఉన్నారు. వాయించినవాడు, టేపును కోసిన ఇంజనీరు, వెచ్చించిన నిర్మాత, మొదట పాడినవాడు, బదులు పాడినవాడు, రెండు పాటలను ప్రక్కప్రక్కన వేసి కొత్త అర్థము కల్పించిన సభానిర్వాహకుడు: వీరిలో ఎవరిని విడిచినను వర్ణన కుంటుపడును. కావున రిద్దిమును పరిశీలించువాడు వంశవృక్షమును గీయుటతో తృప్తిపడక, ప్రతి దశయందును ఎవరి చేయి పడినదో విడివిడిగ నమోదు చేయవలెను.

ఈ మాట మాకును తగులును. విద్యార్థి దశలో మేము జానపద గేయములను సేకరించుటకై పల్లెలకు పోయినప్పుడు పాడినవారి పేర్లను శ్రద్ధగ వ్రాసికొంటిమి. ప్రక్కన డప్పు వాయించినవారి పేరు అడుగవలెనని మాకు తోచలేదు. వరుస ఎవరివలన నేర్చిరని కొన్ని చోట్ల అడిగితిమి, కొన్ని చోట్ల అడుగలేదు. తిరిగివచ్చి మా పుస్తకములో ఆ గేయములకు ‘అజ్ఞాతకర్తృకము’ అని వ్రాసితిమి. ఆ మాటకు ‘కర్త తెలియదు’ అని అర్థము. మా విషయమున ‘కర్తను అడుగలేదు’ అని వ్రాసియుండినచో సత్యమునకు దగ్గరగ నుండెడిది. జమైకా రికార్డుల చీటీలపై లేని పేర్లకును, మా సేకరణ పుస్తకములో లేని పేర్లకును కారణము ఒక్కటియే. అందరిదైన దానికి అడుగనక్కరలేదని అందరును అనుకొనుటయే ఆ కారణము.

ఇకమీదట సేకరణకు పోవు పరిశోధక విద్యార్థులు తమ పుస్తకములో పాడినవారి పేరు ప్రక్కన వాయించినవారి పేరునకు ఒక గడి నుంచుకొందురుగాక. ఆ గడి ఖాళీగ మిగిలినచో, అది తెలియక మిగిలినదో అడుగక మిగిలినదో కూడ అక్కడనే వ్రాయవలెనని మా మనవి.